అక్షితకు రాసిన రెండో ప్లాన్

2022. పిల్లలు ఫోన్ల ముందు నుంచి లేచి మళ్లీ బెంచీల మీదకు వచ్చిన సంవత్సరం. అప్పటికి బహ్రెయిన్‌లో, సనాబిస్ దగ్గర ఒక ప్రైవేటు భారతీయ పాఠశాల ఆఫీసులో నాకు ఎనిమిదో ఏడు నడుస్తోంది. మాది తణుకు. మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చి, అడ్మిషన్లు చూసే గుమస్తాగా చేరాను. తర్వాత కంప్లయన్స్ అనే పని నా మీద పడింది. బడి నడపడానికి ప్రభుత్వం పెట్టిన నియమాలన్నీ పాటిస్తున్నామని తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడమే ఆ పని. ఫైర్ డ్రిల్ నుంచి అరబిక్ పీరియడ్ల దాకా ప్రతిదానికీ ఒక ఫైలు ఉండేది. ఫైలు సక్రమంగా ఉంటే పని జరిగినట్టేనని అప్పట్లో నిజంగానే నమ్మేదాన్ని.

వాటిలో ఒకటి ఐఈపీల ఫైలు. చదువులో వెనకబడుతున్న ఒక్కో బిడ్డకు విడిగా రాసే ప్రణాళికను ఐఈపీ అంటారు. మేము మామూలుగా ప్లాన్ అనేవాళ్లం. బిడ్డ ఇబ్బంది ఏమిటి, బడి చేసే సాయం ఏమిటి, ఎన్నాళ్లలో ఏం మార్పు రావాలి, అన్నీ అందులో రాసి తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించాలి. ఆ సాయం చేసి చూడకుండా ఏ బిడ్డనూ మా వల్ల కాదని పంపించకూడదనేది మేము పాటించాల్సిన నియమం.

ఆ ఏడాది మూడో తరగతిలో అక్షిత అనే అమ్మాయి మీద క్లాసు టీచరు పదే పదే ఫిర్యాదు చేసింది. చెప్పింది వినదు, అడిగినదానికి ఇంకేదో జవాబు చెబుతుంది, పక్క పిల్ల పుస్తకంలో చూసి రాస్తుంది. వాళ్లది జగిత్యాల దగ్గర పల్లె. తండ్రి లింగయ్య మామీర్‌లో ఒక వెల్డింగ్ షాపులో ఫోర్‌మన్. చాలా ఏళ్లు కార్మికుల క్యాంపులో ఒంటరిగా ఉండి, ఫోర్‌మన్ అయ్యాకే భార్య పద్మనూ కూతుర్నీ తెచ్చుకున్నాడు. పిల్లను ఊళ్లో తెలుగు బడికి పంపితే మంచిదని ప్రిన్సిపల్ అభిప్రాయం. ఆయన చెడ్డవాడేం కాదు, పిల్ల ఇక్కడ నలిగిపోతోందనుకున్నారు. అలా పంపితే తల్లీ కూతురూ జగిత్యాలకు, లింగయ్య మళ్లీ క్యాంపుకు.

అయితే ప్లాన్ లేకుండా పంపడానికి వీల్లేదు కదా. తనిఖీ దగ్గరపడుతోంది. నేను పాత ఫైల్లోంచి ఒక అబ్బాయి ప్లాన్ తీసి, పేరు మార్చి ప్రింటు తీశాను. చేతిరాత బాగుచేయాలి, కుదురుగా కూర్చోవడం నేర్పాలి, అంతే. డైరీలో పెట్టి ఇంటికి పంపితే మర్నాడు సంతకంతో తిరిగొచ్చింది. ఆ అమ్మాయి ముఖం కూడా నాకు సరిగ్గా తెలియదు.

తనిఖీకి వచ్చినవాళ్లలో మరియం అనే బహ్రెయినీ ఆవిడ ఆ ఫైలు తీసుకుంది. మెల్లగా చదివే మనిషి. అక్షిత ప్లాన్ దగ్గర ఆగి, పెన్సిలుతో రెండు మాటల కింద గీత గీసింది. ఇంగ్లిషులో 'హర్' అని ఉండాల్సిన ఆ రెండు చోట్లా 'హిజ్' అని ఉంది.

"ఈ ప్లాన్ ఎవరిది?" అని అడిగింది.

నకలు కొట్టానని ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. ఇందులో రాసింది తల్లిదండ్రులకు వాళ్ల భాషలో ఎవరైనా చెప్పారా అని అడిగింది. లేదన్నాను. పిల్లను చూసి కొత్త ప్లాన్ రాయమని, నెల తర్వాత వస్తానని, అప్పటిదాకా పంపే మాట ఎత్తవద్దని ప్రిన్సిపల్‌కు రాసిచ్చి వెళ్లింది. ఉద్యోగం పోతుందేమోనని నేను భయపడ్డాను. ప్రిన్సిపల్ మాత్రం, చేసిన తప్పు నువ్వే దిద్దుకో అన్నారు.

ఆ గురువారమే లింగయ్య దంపతుల్ని పిలిపించాను. ఆయన డ్యూటీ మధ్యలో, మసి చొక్కాతోనే వచ్చాడు. పాత ప్లాన్‌ను తెలుగులో చదివి వినిపించాను. పద్మ నన్ను మధ్యలోనే ఆపింది.

"ఇది మా పిల్ల ముచ్చట కాదు మేడం. దాని రాత ముత్యాలోలె ఉంటది. కావాల్నంటే చూడున్రి" అని సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. నిజంగానే అందమైన రాత.

మరి సంతకం ఎందుకు పెట్టారండీ అని అడిగితే, బడివాళ్లు పంపిన కాగితం కదా అన్నాడు లింగయ్య. తర్వాత ఇంకో మాట చెప్పాడు. "ఫోన్ల క్లాసులు అయినప్పుడు మంచిగనే సదివింది మేడం. హెడ్‌ఫోన్లు పెట్టుకొని సౌండు ఫుల్లు పెట్టుకుంటుండె. చెవులు ఖరాబైతయని నేనే కోపం జేసిన."

ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాతి వారం మూడు రోజులు మూడో తరగతి చివరి బెంచీలో కూర్చున్నాను. టీచరు పిల్లల వైపు తిరిగి చెబుతున్నంతసేపూ అక్షిత ఆమె పెదవులనే చూస్తూ రాసుకునేది. టీచరు బోర్డు వైపు తిరిగి చెప్పగానే పెన్ను ఆగిపోయేది, చూపు పక్క పుస్తకం మీదికి పోయేది. మూడో రోజు వెనక నుంచి నేను పేరు పెట్టి రెండుసార్లు పిలిచాను. పక్క పిల్లలు తిరిగారు, తను తిరగలేదు.

ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ లోపం ఉందని తేలింది. వినికిడి యంత్రాలు పెడితే బాగా వినిపిస్తుందని డాక్టరు చెప్పారు. రిపోర్టు పట్టుకుని పద్మ నా ఎదుట కూర్చుంది. బహ్రెయిన్‌ను కూడా దుబాయి అనే అనేదావిడ.

"దుబాయి వచ్చినంక పిల్లకు పొగరైందనుకున్న మేడం. పిలిస్తే పలుకుతలేదని రెండు మూడుసార్లు కొట్టిన."

"నేనైతే పిల్లను చూడకుండానే తన గురించి రాసేశానండి. తెలియకపోవడం మీ ఒక్కరి తప్పు కాదు" అన్నాను.

రెండో ప్లాన్ లింగయ్య, పద్మ, క్లాసు టీచరు, నేను, నలుగురం కూర్చుని రాశాం. ముందు బెంచీ, పిల్లల వైపు తిరిగే పాఠం చెప్పడం, డిక్టేషన్‌కు ముందు మాటల జాబితా ఇవ్వడం. అన్నిటికన్నా ముందు క్లాసు టీచరే మారింది. ఇన్నాళ్లూ కసిరానని బాధపడి, ఎవరూ అడక్కుండానే రోజూ పావుగంట అక్షితతో విడిగా కూర్చునేది. యంత్రాలు పెట్టిన కొత్తలో అక్షితకు కుర్చీలు జరిపిన చప్పుడంటే చిరాకు. వారం గడిచేసరికి వరండాలో పిచ్చుకలు అరుస్తున్నాయని తనే అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

నెల తర్వాత మరియం వచ్చి, ఈసారి ఫైలు తెరవకముందే క్లాసుకు వెళ్లింది. అక్షితతో ఇంగ్లిషులో మాట్లాడింది, నోటుపుస్తకం తిరగేసింది. తిరిగొచ్చి ప్లాన్ చదివి సంతకం చేసింది. పిల్లను పంపే మాట అక్కడితో ముగిసిపోయింది.

అంతకుముందు నియమాలంటే తనిఖీ గట్టెక్కడానికే అనుకునేదాన్ని. కానీ ఆ ఒక్క నియమం లేకపోతే అక్షిత ఆ వారమే విమానం ఎక్కి ఉండేది. నేను అశ్రద్ధగా రాసినా, ఎవరో ఒకరు సరిగ్గా చూసేదాకా ఆ పిల్లను బడిలో నిలిపి ఉంచింది అదే. అప్పటినుంచి ఏ బిడ్డ ప్లానైనా ఆ బిడ్డ క్లాసులో కూర్చుని చూశాకే మొదలుపెడతాను. తల్లిదండ్రులకు వాళ్ల భాషలో వినిపించాకే సంతకం అడుగుతాను. తెలుగు, హిందీ నేనే చెబుతాను. మలయాళానికీ తమిళానికీ టీచర్లను బతిమాలుకుంటాను.

అక్షిత ఇప్పుడు ఆరో తరగతి. ఈ ఏడాది ప్లాన్ తిరగరాసేటప్పుడు తనే చదువుతానని తీసుకుంది. ముందు బెంచీ అన్న చోట వేలు పెట్టి, "ఇది తీసెయ్యున్రి మేడం. మూడో బెంచీల గూడ మంచిగ ఇనబడ్తది. నా దోస్తు ఆడనే కూసుంటది" అంది. రెండు రోజులు అక్కడ కూర్చోబెట్టి చూశాం. వినిపిస్తోంది. ఆ లైను కొట్టేసి, అమ్మానాన్నల సంతకాల కింద తన సంతకం కూడా పెట్టించాను.