నాబోతు తోట గురించి చెప్పిన అయ్యగారు

మా చర్చి అయ్యగారి ప్రసంగాల్లో అమ్మకు బాగా ఇష్టమైనది నాబోతు ద్రాక్షతోట. బైబిల్లో, తాతల నాటి తోటను రాజు అడిగినా ఇవ్వనన్నందుకు ప్రాణం పోగొట్టుకున్న మనిషి కథ. గవర్నర్‌పేట లాడ్జిలో దుప్పట్లు ఉతికే అమ్మ, ఆదివారం ప్రసంగంలో అలసటతో కునికిపాట్లు పడేది. నాబోతు పేరు వింటే మాత్రం నిటారుగా కూర్చునేది.

మా ఇల్లు కాలువ గట్టు మీద. గట్టును అందంగా తీర్చిదిద్దుతాం, ఖాళీ చేయండని అధికారులు చెప్పి వెళ్లిన రోజు వాడంతా బెంబేలెత్తిపోయింది. కోర్టుకు వెళ్దామన్నారు కొందరు. అమ్మే ఆపింది.

"మన తరఫున అయ్యగారు మాట్లాడతారు. తొందరపడకండి."

అయ్యగారు మా గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి, "నేనున్నానమ్మా" అన్నారు.

ఆ ఏడు స్వాతంత్ర్య దినం ఆదివారం వచ్చింది. వేదిక పక్కన జెండా నిలబెట్టారు. ముందు వరుసలో ఆ అధికారులే కూర్చున్నారు. అయ్యగారు వాళ్లకు శాలువాలు కప్పి, పై అధికారులకు లోబడటమంటే దేవునికి లోబడటమేనని ప్రసంగించారు.

"దేశం కోసం ఇల్లు వదులుకోవడం కూడా అర్పణే. గట్టు మీది బిడ్డలు సంతోషంగా ఇవ్వాలి."

చప్పట్లు మోగాయి. మా చర్చిలో ప్రసంగానికి చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని కదలకుండా కూర్చుంది.

ఆరాధన అయ్యాక బయట ఆయన్ని ఆపింది.

"మరి నాబోతు సంగతేంటండీ?"

"అది వేరమ్మా. ఆ రాజు దుర్మార్గుడు."

"నేనున్నానన్నారు కదండీ."

"ఉన్నాను కదా. మీకోసం రోజూ ప్రార్థిస్తూనే ఉన్నా," అంటూ అధికారుల కారు వైపు నడిచారు.

వర్షాలు తగ్గగానే ఇళ్లు కూల్చేశారు. కొండపల్లి వైపు ఫ్లాట్లు ఇచ్చారు. "నీ మాట నమ్మి ఊరుకున్నాం" అని పక్కింటావిడ అమ్మ మొహం మీదే అంది.

కొన్నాళ్లకు అయ్యగారు కొత్త ఇంట్లో ప్రార్థన చేస్తానని వచ్చారు. అమ్మ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. ఆయన బైబిలు తెరవబోతుంటే, "ప్రార్థన మేం చేసేసుకున్నామండీ" అంది. ఆయన టీ సగం తాగి లేచారు.

తలుపు వేశాక అమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది.

"నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనేనే. ఇప్పుడు నేనెవరి దగ్గరికి పోవాలే?"

పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.