మామ లాడ్జిలో ఏడో షరతు

ఆ రోజుల్లో చదువు తలకెక్కాలంటే పుస్తకాలు పెద్దగా అక్కర్లేదు, పట్నంలో ఒక ఏడాది ఉండి వస్తే చాలు. నాకు అలాగే ఎక్కింది. హైదరాబాదులో లా మొదటి సంవత్సరం చదివి సెలవులకు కరీంనగర్ వచ్చేసరికి నేను ఎవరితోనూ మామూలుగా మాట్లాడలేని స్థితికి చేరుకున్నాను. కూరగాయలమ్మే అవ్వ వంకాయలు తూచి సంచిలో వేస్తే, "ఇదిగో, ప్రతిపాదన, అంగీకారం, ఒప్పందం పూర్తయింది" అని ఆమెకు వివరించేవాణ్ణి. (ఆ ఒప్పందాల చట్టం పేపరే తప్పానన్న సంగతి ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మన మధ్యే ఉండనివ్వండి.) మా మేనమామకు బస్టాండు దగ్గర ఎనిమిది గదుల లాడ్జి ఉండేది. కింద చాయ్ హోటలు, పైన గదులు. కొండగట్టుకు పోయేవాళ్లు, కచేరీ పనుల మీద వచ్చేవాళ్లు అందులో దిగేవారు. మామ నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి. "వకీలు అల్లుడు ఉండంగ నాకేం ఫికర్" అని ముందు కుర్చీ నాకు అప్పగించి, తను వంటింట్లో పొయ్యి దగ్గర స్థిరపడ్డాడు.

అప్పటిదాకా ఆ లాడ్జికి నియమాలంటూ లేవు. ఎవరైనా వస్తే మామ ముఖం చూసి, తాళంచెవి చేతిలో పెట్టి, "మంచిగ పండుండ్రి" అనేవాడు. నాకది అరాచకంగా కనిపించింది. దేశానికి రాజ్యాంగం వచ్చి పుష్కరం దాటింది, మామ లాడ్జికి రాకపోవడమేమిటి? నల్లరంగు వేయించిన చెక్క మీద తెల్లరంగుతో నా చేత్తోనే పద్నాలుగు షరతులు రాసి గోడకు తగిలించాను. ఏడోది ఇది: "పురుషుని తోడు లేని స్త్రీలకు గది ఇవ్వబడదు." హైదరాబాదులో ఒక పెద్ద లాడ్జి గోడ మీద చూసి ఎత్తి రాశాను తప్ప, దాని గురించి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అంతటితో ఆగలేదు. షరతులన్నీ చదివి వినిపించి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే తాళంచెవి ఇచ్చేవాణ్ణి. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక నేత పెద్దాయన తొమ్మిదో షరతు దాకా నిలబడి విని, "ఒక్కపూట పండుకుంట అంటే గీ దస్తావేజు ఏంది బిడ్డా, భూమేమన్న రాయించుకుంటున్నవా?" అని అడిగాడు. నేను చిరునవ్వు నవ్వి పదోది చదివాను.

అలా ఉండగా చెన్నూరు నుంచి లాడ్జి పేరిట ఒక కార్డు వచ్చింది. ఫలానా తారీకున ఒక రోజుకు గది కావాలని రెండే వాక్యాలు. కింద ఇంటిపేరు, ఒక పొడి అక్షరం, పక్కన టీచర్ అని సంతకం. నా ఆనందం మీరు ఊహించలేరు. రాతపూర్వకమైన ప్రతిపాదన నా జీవితంలో అదే మొదటిది. వెంటనే జవాబు రాశాను: "మహాశయా, తమరి ప్రతిపాదన ఇందుమూలముగా నిర్ద్వంద్వముగా అంగీకరించడమైనది. ఇక ఇరుపక్షములు ఒప్పందమునకు బద్ధులు." ఆ వాక్యాన్ని మామకు మూడుసార్లు చదివి వినిపించాను. "గది ఉన్నది రా అంటే అయిపోవు గద" అన్నాడు మామ.

ఆ తారీకున సాయంత్రం నాలుగింటికి రేకు పెట్టె, గొడుగు పట్టుకుని ఇరవై ఏళ్లమ్మాయి మెట్లెక్కి వచ్చింది. మంచిర్యాలలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, బస్సు పట్టుకుని వచ్చిందట. ముఖమంతా దుమ్ము. పెట్టె కింద పెట్టి నా కార్డు నా ముందుంచింది. నేను కార్డు చూశాను, ఆమెను చూశాను, ఆమె వెనకాల మెట్ల మీద మహాశయుడెవరైనా వస్తున్నాడేమోనని చూశాను. ఎవరూ రాలేదు.

"టీచర్‌గారు..." అన్నాను.

"నేనే. గది ఏ దిక్కున్నది?"

నేను బోర్డు మీది ఏడో షరతు చూపించాను. ఆమె చదివింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఊళ్లో బడికి ఆమె తాత్కాలిక టీచరట. టీచర్ ట్రైనింగులో సీటు వస్తేనే ఆ నౌకరీ నిలుస్తుంది. ఇంటర్వ్యూ తెల్లారి పది గంటలకు. "కరీంనగర్ల నాకు తెలిసినోళ్లు ఒక్కరు లేరు. అందుకే ముందుగల్ల కార్డు రాసిన. ఇప్పుడు వాపస్ పోతే పొద్దటికి మళ్ల రాలేను. బాపుకు జ్వరం, లేకుంటే తోడొచ్చెటోడు."

ఏ మనిషికైనా అక్కడ మనసు కరగాలి. నాకూ కరిగింది, కాని నోరు మాత్రం లా కాలేజీలోనే ఉండిపోయింది. "చూడండి, మీరు మగవారనుకుని నేను అంగీకరించాను. ఇది వాస్తవ విషయంలో పొరపాటు. పొరపాటున చేసిన ఒప్పందం చెల్లదు" అన్నాను. (ఒక్క పక్షం పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం చెడదని అదే చట్టంలో ఉంది. ఆ పేజీ నేను చదవలేదు. పేపరు ఊరికే పోలేదు.)

"గది అడిగింది మనిషి. మనిషికే ఇస్తనని రాసిండ్రు. ఇందుల పొరపాటేమున్నది?" అంది. ఇంకా ఇలా అంది: "కులమని, మతమని, ఆడదని చెప్పి హోటళ్లకు రాకుండ ఆపొద్దని రాజ్యాంగంల ఉన్నదని నేను పిల్లలకు చెప్తున్న. పదిహేనో అధికరణం. పొద్దున ఇంటర్వ్యూల అడుగుతరేమోనని తొవ్వ పొంటి గదే చదువుకుంట వచ్చిన. మీరు చదువుకోలేదా?"

చదివాను. ఆ అధికరణం మీద కాలేజీలో ఉపన్యాసమిచ్చి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. "అది... పోలీసులొచ్చి అడిగితే మామకు ఇబ్బంది" అని గొణిగాను.

మామ ఎప్పుడొచ్చాడో, పిండి చేతులతో నా వెనకాల నిలబడి ఉన్నాడు. "ఏమైందిరా?" అని నన్నడిగాడు. ఏడో షరతు అని చెప్పాను. "రమ్మని ఉత్తరం రాసింది ఎవరు?" నేనే అన్నాను. "గీ షరతు రాసింది?" అదీ నేనే అన్నాను. మామ చేతుల పిండి తుండుకు తుడుచుకున్నాడు. "పిలిచినంక పొమ్మంటమారా? పోలీసులొస్తే నేను చెప్పుకుంట. బిడ్డా, నువ్వు జర కూసో. చాయ్ తాగు. వంటింటి పక్క గది ఇస్త, మా ఇంటామె ఈడనే ఉంటది, నీకు అత్తమ్మ అసోంటిదే, ఏం పరేషాన్ గాకు."

నేను చివరి ప్రయత్నంగా, బోర్డు మీద షరతు ఉండగా మనమే దాన్ని మీరితే ఎలా అన్నాను. "రాజ్యాంగాన్నే సవరిస్తుండ్రు గద, బోర్డును సవరించరాదా?" అంది ఆమె, చాయ్ కప్పు అందుకుంటూ. మామకు ఆ మాట ఎంత నచ్చిందంటే, కిరసనాయిల్లో ముంచిన గుడ్డ తెచ్చి నా చేతికే ఇచ్చాడు. స్టూలెక్కి తుడిచాను. ఏడోదానితోపాటు ఆరులో సగం, ఎనిమిది మొత్తం పోయాయి. ఎనిమిదో షరతు ఏమిటో ఇప్పటికీ గుర్తు రాదు. అది లేకపోయినా లాడ్జి నిక్షేపంగా నడిచింది.

పొద్దున ఆమె తయారై దిగింది. అత్తమ్మ కట్టిచ్చిన పూరీలు సంచిలో పెట్టుకుంటూ నన్నడిగింది: "నిన్న మీ మామ లేకుంటే, మీరొక్కరే ఉంటే, గది ఇచ్చెటోళ్లా?"

"చట్టప్రకారం ఇయ్యాల్సిందే" అన్నాను.

"చట్టం సంగతి కాదు. మీ సంగతి అడిగిన."

నేను రిజిస్టరు పేజీలు తిప్పాను. ఆమె కోపగించుకోలేదు, నవ్వి వెళ్లిపోయింది. రెండు నెలలకు ట్రైనింగుకు వచ్చి, హాస్టల్లో చేరేముందు ముగ్గురు స్నేహితురాళ్లతో మామ లాడ్జిలోనే దిగిందట. నేనప్పటికి హైదరాబాదులో పోయిన పేపరు మళ్లీ రాస్తున్నాను. ఈసారి పాసయ్యాను.

తర్వాత నల్లకోటు వేసుకుని చాలా ఏళ్లు జడ్జీల ముందు నిలబడ్డాను. ఎన్నో ప్రశ్నలకు ఏదో ఒక జవాబు చెప్పగలిగాను. ఆమె అడిగినదానికి మాత్రం నిజమైన జవాబు ఇప్పుడు చెబుతున్నాను: ఇచ్చి ఉండేవాణ్ణి కాదు. భయపడి ఉండేవాణ్ణి, ఆ భయానికి ఏదో ఒక సెక్షను వెతికి ఉండేవాణ్ణి. ఆ బోర్డు రాసిన అప్పటి కుర్రవాడు ఇప్పుడు ఎదురుపడితే తిట్టాలనిపించదు. పక్కన కూర్చోబెట్టుకుని, "నాయనా, ఆ అమ్మాయి దుమ్ము కొట్టుకుని వచ్చింది, ముందు తాళంచెవి ఇయ్యి. చట్టం నీ పక్కనే ఉందని రేపు తీరిగ్గా చదువుకుందువు గాని" అని చెప్పాలనిపిస్తుంది. వింటాడన్న నమ్మకం మాత్రం నాకు లేదు. పదో షరతు చదవడం మొదలుపెడతాడు.