కోట గుమ్మంలో పూలజడ

మేము పరాయిదేశం వచ్చి, క్లెమెంటి అనే పేటలో ఒక ఫ్లాట్‌ని ఇంకో తెలుగు జంటతో కలిసి అద్దెకు తీసుకున్న రోజులవి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా హడలిపోతే, ఆ హడలు పుణ్యమా అని మా ఆయన లాంటివాళ్ళకి ఉద్యోగాలు వచ్చాయి. ఆ జంటలో భర్త ఎప్పుడూ టూర్ల మీదే ఉండేవాడు. భార్య మా ఆయన ఆఫీసులోనే ప్రోగ్రామర్. కాకినాడ పిల్ల, నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. వాళ్ళకి పిల్లలు ఇంకా లేరు. నేనేమో భర్త మీద ఆధారపడ్డవాళ్ళకిచ్చే డిపెండెంట్ పాస్ మీద వచ్చి, పాస్ పేరుకు తగ్గట్టే ఇంట్లో కూర్చున్నాను.

ఆమె అంటే నాకు ఒళ్ళు మంట. ఆమె జీతం గురించి కాదు, ఆమె పొడుగు గురించీ కాదు, మా అమ్మాయి గురించి. దానికప్పుడు ఐదేళ్ళు. పొద్దుటినుంచి దానికి నలుగు పెట్టి, స్నానం చేయించి, వెంటపడి తినిపించేది నేను. సాయంత్రం లిఫ్ట్ చప్పుడు వినబడితే చాలు, నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని "ఆంటీ" అంటూ గేటు దగ్గరికి పరుగెత్తేది. ఆమె బ్యాగు కింద పెట్టకముందే ఇద్దరికీ, మాట చివర "లా" తగిలించే ఆ ఊరి ఇంగ్లీషులో కబుర్లు మొదలయ్యేవి. నేను వంటింట్లో వింటూ పప్పుగుత్తిని కాస్త గట్టిగానే తిప్పేదాన్ని. పప్పు మెత్తగా వచ్చిందని ఆమే మెచ్చుకునేది, అది ఇంకో మంట.

ఒకసారి ఆఫీసువాళ్ళు కుటుంబాలకోసం ఒక వేడుక పెట్టారు. ఆఫీసు పెద్దలు యూరప్‌వాళ్ళు, అందుకని మధ్యయుగాల పండగ అన్నారు. చోటు ఫోర్ట్ కానింగ్ కొండ. ఆంగ్లేయులు కట్టిన కోటలో ఇప్పుడు మిగిలింది ఒక గుమ్మం, పక్కన కాస్త గోడ. కొండవీడు చూస్తూ పెరిగినదాన్ని, దాన్ని కోట అనడానికి నాకు నోరు రాలేదు. పిల్లలందరూ రాజుల కాలం వేషాలు వేసుకుని రావాలి, చివర్లో ఒక్కొక్కరూ పెద్దవాళ్ళలో ఒకరి చెయ్యి పట్టుకుని ఆ గుమ్మంలోంచి నడవాలి. మా ఆయనకి కాపలా భటుడి వేషం ఇచ్చారు. అంటే అమ్మాయితో నడిచేది నేనే.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసు ఇంగ్లీషు నాకు రాకపోతే రాకపోయింది, రాజుల కాలం వేషం తెలియకపోవడమేమిటి. రాజకుమార్తె అంటే పట్టుపరికిణీ, వడ్డాణం, వంకీలు, పూలజడ. ముందురోజే లిటిల్ ఇండియాకి వెళ్ళి మల్లెమొగ్గలు, కనకాంబరాలు తెచ్చాను. చీకటితో లేచి, సవరం పెట్టి జడ అల్లి, చీపురు ఈనెలకి మొగ్గలు గుచ్చి, వాటిని సూదీదారంతో జడకి కుట్టాను. అట్టముక్కకి బంగారు కాగితం అంటించి కిరీటం కూడా చేశాను. ఎప్పుడూ కుదురుగా ఉండని పిల్ల నా ఒళ్ళో కదలకుండా కూర్చుంది. అద్దంలో చూసుకుని "అమ్మా, ఐ యామ్ లైక్ క్వీన్" అంది. ఆ కాసేపూ అది పూర్తిగా నా పిల్ల.

కొండ ఎక్కి చూస్తే అక్కడి రాజులు వేరు. ఆడపిల్లలందరికీ నేల జీరాడే గౌన్లు, నెత్తిమీద కొసన పల్చటి గుడ్డ వేలాడే శంకువు టోపీలు. మగపిల్లల చేతుల్లో అట్టకత్తులు, డాళ్ళు. ముందే వెళ్ళిన మా ఆయన గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. మా వంటింట్లో ఫాయిల్ చుట్టంతా ఆ మనిషి ఛాతీ మీద ఉంది. ఇలాంటి వేషాలని నాకొక్క మాట చెప్పాలని ఆ బుర్రకి తట్టలేదు. నిర్వాహకురాలు ఒకావిడ వంగి, మా అమ్మాయి బుగ్గ తట్టి, పాప డాన్సు ఎన్ని గంటలకని అడిగింది. అమ్మాయి పెదవి వణికింది.

అప్పుడు వచ్చింది ఆమె, నీలం వెల్వెట్ గౌనులో. అమ్మాయి ముఖం చూడగానే సంచీలోంచి ఒక శంకువు టోపీ, ఇంకో గౌను తీసింది. అదే నీలం, అదే వెల్వెట్, చిన్నది.

"నాది అద్దెకు తెచ్చుకున్న షాపులోనే పాపకీ తీసుకున్నానక్కా. మీరు ఫీలవుతారని చెప్పలేదండి. అవసరమైతే ఉంటుందని" అంది.

ఎంత బాగా ఆలోచించింది. నా గురించి తప్ప అందరి గురించీ ఆలోచించింది. అమ్మాయి ఆ గౌను చూసి అప్పటికే నేను పెట్టిన వంకీలు లాగేసుకుంటోంది.

టాయిలెట్‌లో బట్టలు మార్చాం. గౌను సరిపోయింది గానీ, కిరీటం తీసి పెట్టిన టోపీ నిలవలేదు, జడ మొదట్లో పూలగుత్తి అడ్డం. "పూలు తీసేద్దామా అక్కా?" అని ఆమె అమ్మాయి జుట్టు మీద చెయ్యి వేసింది.

"కుట్టేశాను. తీస్తే జుట్టు కూడా ఊడొస్తుంది" అన్నాను. కత్తెర నా బ్యాగులోనే ఉంది.

టోపీని రిబ్బనుతో గడ్డం కింద కట్టాం. అది ఒక పక్కకి ఒరిగి నిలిచింది. పిల్లల్ని వరసలో పిలుస్తున్నారు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని చెయ్యి చాపాను. అమ్మాయి నా చీర వంక చూసింది, ఆమె గౌను వంక చూసింది.

"అమ్మా, యూ నాట్ సేమ్ లా" అని ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆమె "అక్కా, మీరు వెళ్ళండి, నేను ఇక్కడుంటాను" అంటూనే ఉంది, అమ్మాయి లాక్కుపోయింది. మా ఆయన బల్లెం ఎత్తి దారి ఇచ్చాడు. కెమెరాలన్నీ ముందు వైపు ఉన్నాయి. నాకు కనబడింది వాళ్ళ వీపులే. నీలం గౌను మీద నడుము దాకా తెల్లటి పూలజడ అటూ ఇటూ ఊగుతూ పోయింది. ఆమె వంగి దాని చెవిలో ఏదో చెప్పింది, అది పకపకా నవ్వింది. చిన్న వేళ్ళని పట్టుకున్న ఆ చెయ్యి విరిగిపోతే బాగుండునని నేను అనుకున్నాను. కళ్ళు ఆర్పకుండా చూస్తూ, అక్షరాలా అదే అనుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆమే అంది, "అక్కా, ఇవాళ అందరి కళ్ళూ పాప మీదే. కాస్త దిష్టి తీయండి" అని. అమ్మాయి వంటింటి గడపలో చతికిలబడి, "ఆంటీ ఆల్సో" అంటూ ఆమెనీ లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను పిడికిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని ఇద్దరి చుట్టూ తిప్పాను. దిష్టి తీసేటప్పుడు ఎవరెవరి కళ్ళు పడి ఉంటాయో వరసగా చెప్పి, చివర తీసేవాళ్ళు తమ దిష్టి కూడా చెప్పుకోవడం మా ఇంటి అలవాటు. ఆ వరస అమ్మాయికి కంఠతా వచ్చు.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయేవాళ్ళ దిష్టి" అని పొయ్యి వైపు తిరిగాను.

"అమ్మా, యూ స్కిప్. 'నా దిష్టి' అని చెప్పలేదు" అంది అమ్మాయి.

"చెప్పేయండక్కా, మొత్తం పోవాలిగా" అని ఆమె నవ్వి, తల ఇంకాస్త వంచింది. పాపిట్లో ఎక్కడిదో ఒక మల్లెమొగ్గ ఇరుక్కుని ఉంది.

పిడికిలి ఇంకోసారి ఇద్దరి చుట్టూ తిప్పి, "నా దిష్టి" అన్నాను.

పొయ్యి మీద మిరపకాయలు నల్లగా మాడాయి గానీ ఎవరికీ దగ్గు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు.

"బాబోయ్, ఎంత దిష్టో చూశారా. ఏ తెల్లావిడ కన్నో ఏంటో" అంది ఆమె.

"అయ్యుంటుంది" అన్నాను.