మూట మారినా నెంబరు మార్చని నా బిడ్డ

బుజ్జమ్మా, నువ్వు పోయినవని దవాఖానలో నర్సమ్మ చెప్పినప్పుడు నాకు ముందుగాల ఏడుపు రాలేదు బిడ్డా. ఇగ నీకు సూదులు లేవు అనిపించింది.

చదివేటోళ్లకు చెప్తున్న. కిడ్నీలు చెడిపోయి నా బిడ్డ పోయిన నెల పోయింది. నేను పెద్దగ చదువుకోలే. తప్పులుంటే ఏమనుకోవద్దు.

కృష్ణానగర్‌లో సినిమా బట్టలు కిరాయికిచ్చే కంపెనీలో నాది కుట్టుపని. ప్రతి బట్ట లోపల తెల్లగుడ్డ ముక్క మీద నెంబరు కుట్టేది నేనే. సినిమాకో పెట్టె, పెట్టె లోపల సీనుకో మూట, మూట లోపల బట్టలు. నా బిడ్డ చదువుకునేటప్పుడు మా గల్లీలో కంప్యూటర్ అంటే వింత. నా బిడ్డ అది నేర్చుకొని మా కంపెనీలోనే చేరింది. పెట్టె, మూట, నెంబరు అన్నీ గట్లనే అందులో ఎక్కించింది. పనిలో ఉంటే జడ కొస పంటికింద పెట్టుకునేది, పిలిస్తే పలికేది కాదు.

ఒకనాడు మా ఓనరు సారు, "సినిమాల వారీగా వద్దమ్మా, ఆర్టిస్టుల వారీగా మార్చు" అన్నడు. మార్చింది. తెర మీద బట్టల నెంబర్లు సున్నా, ఒకటి, రెండు అని వరసగా వచ్చినయి. సారు మురిసిపోయిండు. "ఎంత పద్ధతిగా ఉన్నాయో చూడు."

"పద్ధతిగానే ఉన్నాయి సార్. కానీ ఇవి కంప్యూటర్ సొంతంగా పెట్టుకున్న నెంబర్లు. మా అమ్మ కుట్టినవి పోయాయి" అన్నది.

"సారు ఖుషీగున్నడు గదనే, ఇడిసిపెట్టు" అన్న నేను.

"ఇల్లు మారితే నీ పేరు మారుతదా అమ్మా?" అని మళ్ల మొదటినుంచి కూసున్నది. ఏ బట్ట ఏ ఆర్టిస్టు కిందికి పోయినా దాని నెంబరు దాంతోటే పోయేటట్టు చేసింది. "మొండితనంలో తల్లిని మించింది" అని సారు నవ్విండు.

మొన్న, ఎన్నడో ఆగిపోయిన సినిమా ఒకటి మళ్ల మొదలైంది. అప్పట్ల పెండ్లి సీను సగమే తీసిండ్రు. తల్లి వేషం వేసినామె అదే ఆకుపచ్చ చీరలో కనబడాలె. మా రూములో ఆకుపచ్చ చీరలు కుప్పలు. వేరేది పోతే సీనంతా మళ్ల తియ్యాలె. అప్పుడు నా బిడ్డ చేసిందంతా వట్టిదంటరు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు.

ఓనరు సారే కంప్యూటర్ల ఆర్టిస్టు పేరు కొట్టిండు. కింద సినిమా, సీను, నెంబరు వచ్చినయి. నేను పోయి చీర తీసి అంచు తిప్పి చూసిన. నా కుట్టే, అదే నెంబరు. సినిమావాళ్లు అప్పటి షూటింగు ఫొటో పక్కన పెట్టి చూసిండ్రు. అదే చీర.

సారు కుర్చీలో వెనక్కి వాలిండు. "అమ్మాయి పని ఎక్కడా చెదర్లేదమ్మా" అన్నడు.

చీర బండెక్కి ఫిల్మ్ నగర్ దిక్కు మలుపు తిరిగేదాక గేటు కాడనే నిలబడ్డ. కిటికీలో ఆకుపచ్చ అంచు కనబడుకుంట పోయింది. ఇంటికొచ్చి, బిడ్డ పోయినంక మొదటిసారి పప్పు తాలింపు పెట్టుకొని కడుపునిండ తిన్న. మీరు కూడ మంచిగ తినుండ్రి.