ఆటో మైకులో నా గొంతు

సూర్యాపేటలో ఉద్యోగం మానేసి, దుకాణాల ప్రకటనలకు గొంతు ఇచ్చే పని ఇంట్లోనే మొదలుపెట్టాను. బయటి చప్పుళ్లు పడకుండా దుప్పటి ముసుగేసుకొని ఫోన్‌లో రికార్డు చేసేదాన్ని. పట్టపగలు పడుకుంటున్నానని అత్తమ్మ సణిగేది. పని నిలబడ్డాక చెబుదామని ఊరుకున్నాను.

ఒకరోజు చీరల దుకాణం ఆటో నా మాటలే మోగించుకుంటూ మా వీధిలోకి వచ్చింది.

"ఆ పిల్ల ఎంత మంచిగ మాట్లాడుతున్నదో సూడు. నువ్వు గూడ గసుంటి పని నేర్వరాదూ?" అంది అత్తమ్మ.

"ఆమె గొంతేం గొప్పగ లేదత్తమ్మా," అన్నాను నవ్వు ఆపుకుంటూ.

"గంత కుళ్లు పనికిరాదు!" అని కసిరింది.

ఆ గొంతు నాదేనంటే నమ్మలేదు. మైకుతో పాటే ప్రకటనంతా అప్పజెప్పాక నోరెళ్లబెట్టింది.

ఇప్పుడు కోదాడ, మిర్యాలగూడ దుకాణాలూ నన్నే అడుగుతున్నాయి. అత్తమ్మ మాత్రం చుట్టాలతో, "నేనే తిట్టి తిట్టి పనిల వెట్టిన," అంటుంది.