బోర్డు మీద మిగిలిన బిళ్ళ

నేను రాసే ప్రోగ్రాములు సొంతంగా పెద్ద పనేమీ చేయవు, చేయిస్తాయి. గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో ఒక చిన్న ఎక్స్‌రే సెంటర్లో కంప్యూటర్ పని నాది. మిషన్ తీసిన బొమ్మను డాక్టరు చూడగలిగేలా మార్చడానికి ఒక ప్రోగ్రాం ఉంది. దాన్ని పట్నంలో ఉన్న డాక్టరుకు పంపడానికి ఇంకొకటి ఉంది. రెండూ ఎవరో ఎప్పుడో రాసినవే, వాటి జోలికి వెళ్ళడానికి మా ఓనరు ఒప్పుకోడు. అందుకని పైథాన్‌లో నలభై లైన్లు రాసి, వాటిని వేళకు లేపి పని చేయించే ఏర్పాటు చేశాను. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు పని వాటిది, పేరు నాది.

మొదట్లో బొమ్మలు మార్చే ప్రోగ్రాం లేచినప్పుడల్లా తెర మీద ఒక నల్లటి కిటికీ తెరుచుకునేది. రిసెప్షన్‌లో కూర్చునే అక్క ప్రతిసారీ ఉలిక్కిపడి నన్ను పిలిచేది. విసుగొచ్చి ఆ కిటికీ కనబడకుండా దాచేశాను. ఇక అది ఏం చెప్పినా, ఏం అడిగినా ఎవరికీ తెలియదు. దాని పని ముగిసేదాకా ఆగడం కూడా దండగనిపించింది. ఒక్కో బొమ్మకు ఒకసారి దాన్ని లేపి వదిలేయడం, చివర్లో ఆ పేషెంటు నంబరుతో బొమ్మ ఫోల్డర్లో ఉందో లేదో చూసుకోవడం, అంతే. ఉంటే తెర మీద పచ్చటి అక్షరాలతో 'అయిపోయింది' అని పడేది. ఆ పచ్చదనం చూసుకుని నేను తెగ మురిసిపోయేదాన్ని.

ఆ మురిపెం ఒక డంపర్ డ్రైవరు వచ్చినప్పుడు దిగిపోయింది.

ఆయనకు ముప్పై అయిదేళ్ళుంటాయి. రామగిరి వైపు మనిషి. ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర బండి నడపడానికి మాట్లాడుకున్నాడు. ఫిట్‌నెస్ కాగితం ఆ సాయంత్రంలోగా ఇస్తేనే బండి ఆయనది, లేకపోతే ఇంకొకరిది. ముందురోజు మా దగ్గర ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నాడు. తెల్లారి పట్నం డాక్టరు రాత వచ్చింది. ఎడమ వైపు గుండ్రటి నీడ కనబడుతోంది, ఇంకా పరీక్షలు కావాలి, అప్పటిదాకా ఫిట్‌నెస్ ఇవ్వడం కుదరదు అని. ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది నేనే. పక్కనున్న భార్య చదివి వినిపించింది. ఆయన తండ్రి బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేసి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడట. ఇద్దరూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. నాకు జాలేసింది కానీ, డాక్టరు రాసినదానికి నేనేం చేస్తానని తెర వైపు తిరిగాను.

మధ్యాహ్నం మా బాపు నేను మర్చిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. బాపు రిటైరయ్యేదాకా బాయి మీద ల్యాంప్ రూంలో చేశాడు. దిగేవాళ్ళకు తలకు పెట్టుకునే లైటు ఇవ్వడం, వాళ్ళ నంబరు బిళ్ళను బోర్డుకు తగిలించడం, ఎక్కి వచ్చి లైటు అప్పగించాక బిళ్ళ తీసి చేతికివ్వడం ఆయన పని. షిఫ్టు అయ్యాక బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. నా చిన్నప్పుడు ఒకసారి, నాలుగింటికల్లా ఇంటికి రావాల్సిన బాపు ఆరు దాటినా రాలేదు. తీరా చూస్తే, ఎవరో పెద్దమనిషి ఇంకో దారిన పైకొచ్చి, నెత్తిన లైటుతోనే నేరుగా కల్లు దుకాణానికి వెళ్ళాడట. ఆయనను వెతికి తెచ్చి, ఎదుట నిలబెట్టి, బిళ్ళ తీసేదాకా బాపు కిటికీ మూయలేదు, పొద్దున కట్టుకెళ్ళిన సద్ది విప్పలేదు. మా అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

బాపు ఎవరి పక్కన కూర్చున్నా రెండు నిమిషాల్లో వాళ్ళ ఊరూ వరుసా తెలిసిపోవాల్సిందే. డ్రైవరు ఆయనను కాకా అనడం మొదలుపెట్టాడు, కథంతా చెప్పాడు. మెడలో గుడ్డలో కట్టిన వేరు తాయెత్తు ఉందట. నౌకరీ దొరికేదాకా తీయొద్దని భార్య గట్టిగా చెప్పిందట. దానితోనే ముందురోజు పొద్దున ఎక్స్‌రే తీశారు. భోజనాలయ్యాక బొమ్మ చూసిన టెక్నీషియన్ ఆయనను మళ్ళీ పిలిచి, తాయెత్తు తీయించి, అదే నంబరు మీద రెండోసారి తీశాడు.

బాపు లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు. "రెండు బొమ్మలు దిగినయంటున్నడు గదా బిడ్డా. ఎక్కినయి ఎన్ని?"

ప్రతి నంబరుకూ బొమ్మ వచ్చిందని, కావాలంటే చూసుకోమని ఫోల్డర్ చూపించాను. పచ్చటి 'అయిపోయింది' కూడా చూపించాను. బాపు అటు చూడనే లేదు.

"వచ్చినోళ్ళను చూసుకుంట కూసుంటే ఏమైతది? రానోడెవడో అది చూడు."

అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. కంప్యూటర్లో ఇంకా నడుస్తున్న ప్రోగ్రాముల పట్టీ తెరిచాను. పొద్దటి నుంచి నేను ఏదీ లేపలేదు. అయినా ఆ బొమ్మలు మార్చే ప్రోగ్రాం ఒకటి అక్కడే ఉంది, ముందురోజు మధ్యాహ్నం మొదలైంది. దాన్ని ఆపేసి, ఈసారి కిటికీ కనబడేలా అదే పనికి మళ్ళీ లేపాను. నల్లటి కిటికీలో ఒక ప్రశ్న వచ్చింది. ఈ నంబరు బొమ్మ ముందే ఉంది, తీసేసి కొత్తది పెట్టాలా, అవునా కాదా?

నిన్నటి నుంచి అది అడిగింది ఇదే. నోరు నొక్కింది నేను. జవాబు కోసం అది కూర్చుంది, పాత బొమ్మను చూసి నా ప్రోగ్రాం పచ్చజెండా ఊపింది, ఆ తాయెత్తు నీడే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అవునని నొక్కాను. కొత్త బొమ్మ తెరిచి చూస్తే పాతదానిలోని నీడ లేదు.

బెంచీ దగ్గరికి వెళ్ళి, తప్పు నాదే, మీ ఛాతీది కాదేమో, డాక్టరుకు మళ్ళీ పంపుతున్నానని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మా బాపుకు గిట్లనే మొదలైంది చెల్లె," అన్నాడు. "పొద్దటి సంది పిల్లలకు ఏం చెప్పాలె అని సోంచాయిస్తున్న."

గంటలో పట్నం నుంచి జవాబు వచ్చింది. ఛాతీ శుభ్రంగా ఉంది, పనికి పంపవచ్చు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. భార్య మాత్రం కొంగున ముడేసుకున్న తాయెత్తు తీసి అక్కడికక్కడే ఆయన మెడలో కట్టింది. తీయొద్దంటే తీసినందుకే ఇంత లొల్లి అయిందని తేల్చేసింది. ఆమెతో వాదించే మొహం నాకెక్కడిది. వాళ్ళు ఆటో ఎక్కి కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ పూటే కూర్చుని నలభై లైన్లూ తిరగరాశాను. ఇప్పుడు ఒక్కో ప్రోగ్రాం లేవగానే దాని నంబరు ఒక పట్టీలోకి ఎక్కుతుంది. పని ముగించి, బాగానే ముగిసిందని అది చెబితేనే నంబరు పోతుంది. రెండు నిమిషాలైనా తిరిగి రాకపోతే నా తెర ఎర్రబడుతుంది. నల్లటి కిటికీ మళ్ళీ వచ్చింది, రిసెప్షన్ అక్క మళ్ళీ ఉలిక్కిపడుతోంది. పడనీ.

రాయడం అయ్యేసరికి నాలుగు దాటింది. టిఫిన్ డబ్బా బల్ల మీద అలాగే ఉంది. ఇంటికి వెళ్ళమని రెండుసార్లు చెప్పినా వినకుండా, బాపు బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు.

"అందరు ఎక్కిన్రా బిడ్డా?"

పట్టీ తెరిచి పైనుంచి కిందిదాకా చూశాను. ఎవరూ మిగల్లేదు.

"ఎక్కిన్రు బాపు."

"అయితే ఇగ అన్నం తిను," అని డబ్బా మూత తీశాడు.