ఐదో కుర్చీకి పరీక్ష

అమలాపురం బస్టాండు వెనక వీధిలోని నెట్ సెంటరుకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన ఏడాది మేం రాజమండ్రి కుర్రాళ్ళ చేతిలో పదహారు సున్నాతో ఓడిపోయాం. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు తెర మీద తుపాకులు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు వేటాడుకునే ఆట. ముందు పదహారు రౌండ్లు గెలిచినవాళ్ళది విజయం. నేనప్పటికి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి ఖాళీగా ఉన్నాను. ఓటమికి కారణాలు తెల్లకాగితం మీద పదకొండు రాశాను. మా ఐదో ఆటగాడికి, అంటే నాకు, ఆట సరిగ్గా రాదన్నది ఆ పదకొండులో లేదు.

ఏడో కారణం, కొత్త ఆటగాళ్ళు తయారుకాకపోవడం. మిగతా పదీ మా చేతిలో లేనివి కనుక దీన్ని పట్టుకున్నాను. ఐదుగురితో శిక్షణ జట్టు పెట్టి, నన్ను నేనే శిక్షకుడిగా నియమించుకున్నాను. ఇరవై రెండు నియమాలు రాసి గోడకు అంటించాను. పంతొమ్మిదోది ఇలా ఉండేది: నెలాఖరు పరీక్షలో శిక్షణ జట్టువారెవరైనా పై జట్టు ఐదో ఆటగాణ్ణి పదింట ఆరుసార్లు ఓడిస్తే, ఆ కుర్చీ వారిది. చూడ్డానికి న్యాయంగా ఉంటుందని రాశాను. అలా జరుగుతుందని కాదు.

చేరినవాళ్ళలో నలుగురు ఇంటరు పిల్లలు. ఐదో ఆయనకు నలభై దాటాయి. ఉప్పలగుప్తం మనిషి, కువైట్‌లో క్రేను నడిపి వచ్చారు. కొత్త వీసా గురించి ఏజెంటు ఈమెయిలు పంపాడేమో చూసుకోవడానికి రోజూ సెంటరుకు వచ్చి, ఈమెయిలు రాక, ఆటలో కూర్చున్నారు. అందరికీ బాబాయ్ గారు. ఆయనకు నేను మాస్టార్ని. పదో అంతస్తు మీదకు ఇనుప దూలం దించినంత నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా మౌసు జరిపేవారు.

మొదటి వారమే ఒక సాంకేతిక సమస్య ఎదురైంది. శత్రువు కనపడితే పక్కవాడికి అరిచి చెప్పాలి. మా పిల్లలు, "అన్నయ్య గారూ, మీరేమనుకోకపోతే, మీ వెనకాల ఒకడొచ్చేడండీ" అనేవారు. గడియారం పెట్టి చూశాను, నాలుగు సెకన్లు. అన్నయ్య గారు రెండో సెకనులోనే పోయేవారు. ఆటలో గారు, అండీ నిషిద్ధమని ఇరవై మూడో నియమం చేర్చాను. పాటించారు. రౌండు కాగానే ఒక్కొక్కరే లేచి వచ్చి, "ఇందాక ఏకవచనంలో అరిచేనండి, తప్పుగా అనుకోకండి" అని చెప్పుకునేవారు.

పిల్లలు తమలో తాము బాగానే ఆడేవారు. నాతో ఆడితే మాత్రం పదికి పది నేనే గెలిచేవాణ్ణి. గ్రాఫు కాగితం మీద గీశాను. గీత పైకే పోయింది. నేర్పడంలో పడి నేనింత ఎదిగానా అనుకున్నాను. ఒకరోజు మా కెప్టెన్ నా వెనక నిలబడి చూశాడు.

"ఒరే, నువ్వు ఎదురుగుండా నిలబడి తుపాకీలో గుళ్ళు నింపుకుంటుంటే బాబాయ్ గారు గోడని కాలుస్తున్నారు, చూసేవా?"

నేను ఆయనవైపు తిరిగాను. "అదేంటండి బాబాయ్ గారూ?"

"చెప్పే మనిషిని ఎలా కాలుస్తామండి, మాస్టారూ?"

"ఇది ఆటండి."

"ఆయ్, ఆటేనండి. చెయ్యి రావద్దాండీ?"

పిల్లలు నలుగురూ తలలు దించుకున్నారు.

నెలాఖరు పరీక్షకు కెప్టెన్ తెర మీద పేర్లు తీయించి అంకెలు పెట్టించాడు. మధ్యలో ప్లైవుడ్ చెక్కలు. ఎవరు ఎవరితో ఆడుతున్నారో తెలియదు. మూడో నంబరు నన్ను పదింట తొమ్మిదిసార్లు చంపింది. చెక్క తీసి చూస్తే బాబాయ్ గారు. ఆయన ముఖం నాకంటే ఎక్కువ పాలిపోయింది. "మీరా అండి! అయ్యబాబోయ్!"

మర్నాడు ఇరవై నాలుగో నియమం తెచ్చాను. పారదర్శకత కోసం పరీక్షలో పేర్లు కనపడాలి, నిన్నటిది చెల్లదు.

"నీ కుర్చీకి నువ్వే పరీక్ష పెట్టుకుని నువ్వే దిద్దుకుంటావేంట్రా?" అన్నాడు కెప్టెన్.

"మాస్టారు చెప్పింది సబబేనండి" అన్నారు బాబాయ్ గారు.

మళ్ళీ ఆడాం. పది సున్నా. చివరిసారి ఆయన నన్ను తప్పించడానికి ఇంటికప్పును కాల్చవలసి వచ్చింది. నాకు తెలుసు. తెలిసే రిజిస్టరులో పది అని రాసి, కింద సంతకం పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం రాజమండ్రితో మళ్ళీ ఆట. శిక్షణ జట్టు మా వెనక నిలబడింది. మొదటి సగం పదిహేను రౌండ్లూ పోయాయి. పదమూడింట్లో అందరికంటే ముందు చచ్చింది నేను. చచ్చినవాడు మిగిలినవాళ్ళ ఆట చూస్తూ కూర్చోవాలి. ఆ లెక్కన ఆ రోజు ఆటను అందరికంటే ఎక్కువ చూసింది నేనే. శత్రువు నాకంటే ముందు బాబాయ్ గారికి కనపడేవాడు. ఆయన నోరు మెదిపేవారు కాదు, గట్టిగా ఊపిరి పీల్చేవారు. ఆ చప్పుడు వినపడగానే నేను పోయేవాణ్ణి.

ఇంకొక్క రౌండు పోతే ఆట ముగిసినట్టే. విరామంలో లేచాను.

"మీరు కూర్చోండి బాబాయ్ గారూ."

"అబ్బే, మీరు కానివ్వండి."

"మొన్నటి పరీక్ష దొంగ పరీక్షండి. నాకు తెలుసు."

"నాకూ తెలుసండి. అయితే మాత్రం, ఇంతమందిలో మిమ్మల్ని లేపి నేను కూచుంటే బాగుంటాదా అండి?"

"నేనే లేచానండి."

"లేచేరు. కూచోండి మరి."

నేను కుర్చీ ఆయనవైపు జరిపాను. ఆయన నావైపు జరిపారు.

"మొదలైపోయిందెహె! ఎవరో ఒకరు కూచోండి!" అని కెప్టెన్ అరిచాడు.

మేమిద్దరం కుర్చీ వీపు చెరోవైపు పట్టుకుని ఉన్నాం. ఈ సగంలో మాది కాపలా వైపు. గడువు తీరేదాకా మావాడొక్కడు బతికున్నా రౌండు మాదే. మావాళ్ళు నలుగురూ వరసగా పోయారు. తెర మీద మా ఐదో బొమ్మ మొదలుపెట్టిన మూలనే, గోడవైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. మిగిలినవాడు ఎక్కడో పొంచి ఉన్నాడని రాజమండ్రి వాళ్ళు ప్రతి సందూ, ప్రతి తలుపు చాటూ అడుగులో అడుగేసుకుంటూ వెతికారు. మొదటి మూలకు మాత్రం రాలేదు. గడువు తీరిపోయింది.

రాజమండ్రి మీద మేం గెలిచిన మొదటి రౌండు అది. పిల్లలు గోల చేశారు. బాబాయ్ గారు కుర్చీ వదిలి నన్ను మళ్ళీ కూర్చోమనబోయారు.

కెప్టెన్ వెనక్కి తిరిగి చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరిద్దరూ అలాగే నిలబడండి. కదలకండి."